రెండు గళ్ళ కాగితం

చుక్కమ్మ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. భుజానికి తగిలించుకునే నీలం సంచి మీద ‘ప్రతి చుక్కా విలువైనదే’ అని కొట్టొచ్చినట్టు కనబడేలా అచ్చు వేయించి ఇచ్చింది నీటి సరఫరా ఆఫీసు. ఆ సంచితో వీధిలోకి దిగిన మొదటి రోజే ఎవరో, ‘‘చుక్కమ్మ వస్తోంది, కుళాయి కట్టెయ్యండర్రా!’’ అని అరిచారు. ఆ పేరే ఖాయమైంది. మొగుడు కూడా అలాగే పిలుస్తాడు, కోపం వచ్చినప్పుడు తప్ప.

అంతకు ముందు పన్నెండేళ్ళు ఆవిడ అదే ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుంది. ‘‘రేపు మనిషి వస్తాడండీ’’ అని చెప్పడమే ఆ కుర్చీలో ఉద్యోగం. రేపు వచ్చేది గాని మనిషి వచ్చేవాడు కాదు. తిట్లు తినడం ఆవిడ వంతు. అందుకే ఇంటింటికీ తిరిగి నీటి పొదుపు సలహాలు చెప్పే పని ఇస్తామనగానే ఎగిరి గంతేసింది.

పని మంచిదే, కాదనడానికి లేదు. సంచిలో రబ్బరు వాషర్లు, ఒక పానా, కొన్ని రంగు బిళ్ళలు ఉండేవి. బిళ్ళని ఫ్లష్ ట్యాంకులో వేసి పది నిమిషాలు ఆగాలి. ఎవరూ మీట నొక్కకుండానే కింద రంగు కనబడిందంటే ట్యాంకు కారుతున్నట్టు. ఆఫీసు సలహా చెప్పి రమ్మంది గాని బాగుచేసి రమ్మనలేదు. అయినా కారే కుళాయిని చూస్తే ఆవిడ చెయ్యి ఊరుకునేది కాదు. చతికిలబడి వాషరు మార్చేసి, తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ పక్కింటికి పోయేది.

పేచీ అంతా కాగితంతోనే వచ్చింది. ప్రతి ఇంటికీ ఒక కాగితం నింపాలి. దాని అడుగున రెండే రెండు గళ్ళు: ‘పొదుపు’, ‘వృథా’. ఆ కాగితం తయారుచేసిన మహానుభావుడు జన్మలో ఒక్క గిన్నె తోమి ఉండడు, ఒక్క చొక్కా ఉతికి ఉండడు. మనిషి పని చేసుకు బతకడానికి వాడుకునే నీళ్ళకి అందులో గడే లేదు.

మిట్ట మీది వీధిలో ముప్పైఎనిమిది ఇళ్ళు. చివరి ఇల్లు ఇస్త్రీ అక్కది. రెండు ఆసుపత్రుల దుప్పట్లూ, ఒక లాడ్జీ తువ్వాళ్ళూ ఆవిడే ఉతికి, ఇస్త్రీ చేసి పంపేది. చుక్కమ్మ వెళ్ళిన రోజున ఆవిడ ఇంట్లో లేదు. పెరట్లో ఎనిమిది తొట్లు, ఎనిమిదింటి నిండా నీళ్ళు. అప్పటికే ఎండకి మాడిపోయి ఉన్న చుక్కమ్మ గోడ మీంచి ఒక్క చూపు చూసి ‘వృథా’ గడిలో టిక్కు పెట్టి వెళ్ళిపోయింది. అడగలేదు, ఆగలేదు. వీధి మొత్తానికి ఆ గడిలో పడ్డది అదొక్క ఇల్లే.

రెండు నెలల తరవాత ఆఫీసు వీధి మొగలో నోటీసు అంటించింది. వీధిలో వాడకం రెట్టింపయింది కాబట్టి ఇకనుంచి రోజు విడిచి రోజు నీళ్ళు. వృథా చేస్తున్నవారి కుళాయికి వచ్చే నెల ఒకటో తారీఖున సీలు. కింద ఇంటి నంబరు కూడా వేశారు, అందరికీ కనబడేలా.

మర్నాటి నుంచే ఇస్త్రీ అక్కని చూసి జనం మొహాలు తిప్పుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ చేత బట్టలు ఇస్త్రీ చేయించుకున్నవాళ్ళే ‘‘దీని మూలంగానే మన గొంతు ఎండుతోంది’’ అన్నారు. ఆసుపత్రుల వాళ్ళకీ కబురు చేరింది. సీలు పడబోయే ఇంటికి దుప్పట్లేం పంపుతామని మానేశారు. వాళ్ళ వెనకే లాడ్జీ కూడాను.

ఇస్త్రీ అక్క చుక్కమ్మని వీధిలో ఆపింది.

‘‘ఏమ్మా, మా ఇంట్లో ఏం వృథా చూశావు?’’

‘‘ఎనిమిది తొట్ల నిండా నీళ్ళు...’’ అని నసిగింది చుక్కమ్మ. అక్క గొడవపడలేదు. చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి తొట్లు చూపించింది. చివరి జాడింపు నీళ్ళు రెండో జాడింపుకి, ఆ నీళ్ళు మొదటి జాడింపుకి, అవి కొత్తగా వచ్చిన మాసిన బట్టలు నానబెట్టడానికి, ఆఖరికి మురికివి నేల కడగడానికి. ఆఫీసు కరపత్రంలో రాసిన పది సలహాలూ ఆవిడ అందులో ఒక్క అక్షరం చదవకుండానే ఇరవై ఏళ్ళుగా చేస్తోంది. చుక్కమ్మకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ తరవాత ఒళ్ళు మండింది, ముందు తన మీద, ఆ వెంటనే ఆఫీసు మీద.

ఇంటికొచ్చి మామగారి దగ్గర వెళ్ళగక్కింది. ఆయన అదే ఆఫీసులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇనప కడ్డీ ఒక కొస గొట్టానికి, రెండో కొస చెవికి ఆనించి భూమిలో లీకు ఎక్కడుందో చెప్పేవాడు.

‘‘వాడకం రెట్టింపయితే దుప్పట్లూ రెట్టింపవ్వాలి కదుటమ్మాయ్! అవ్వలేదే. మనుషుల్ని సరే అడిగావు, గొట్టాన్ని అడిగావా?’’ అన్నాడు.

మర్నాడు కడ్డీ పట్టుకుని కోడలి వెంట వచ్చాడు. వీధి మధ్యలో ఒకచోట వంగి విన్నాడు. వినీ వినీ, ‘‘బుసలు కొడుతోంది’’ అని లేచాడు. చుక్కమ్మ ఆ మాట పట్టుకుని ఇంజనీరు దగ్గరికి పరిగెత్తింది.

‘‘చూడమ్మా, రిటైరైన ముసలాయన చెవి ఆఫీసు రికార్డు కాదు. జనం చేత అలవాట్లు మార్పించు, అది నీ పని’’ అన్నాడాయన, తల కూడా ఎత్తకుండా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తమ గొట్టమే ఓడుగా పెట్టుకుని జనం అలవాట్లట!

ఒకటో తారీఖు ఇంకా ఆరు రోజుల్లో ఉంది. చుక్కమ్మ ముప్పైఎనిమిది తలుపులూ తట్టింది. ‘‘మంగళవారం నీళ్ళొచ్చే రోజే కదా, మూడింటి నుంచి నాలుగింటి దాకా ఒక్క కుళాయీ తిప్పకండి, మీకు పుణ్యముంటుంది’’ అని బతిమాలింది. ఇంజనీరుకి మాత్రం ‘‘అవగాహన కార్యక్రమం సార్, ఫోటో కూడా తీస్తాం’’ అని చెప్పింది. ఫోటో అనేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పావుగంట ముందే వచ్చాడు.

వీధి మొగలో పెద్ద మీటరు ఉంది. మామగారు దాని ఇనప మూత ఎత్తాడు. ముప్పైఎనిమిది ఇళ్ళ కుళాయిలూ కట్టేసి ఉన్నాయి, జనం గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. మీటరు ముల్లు గిర్రున తిరుగుతోంది.

చుక్కమ్మ ఆఫీసు కరపత్రం తీసి ఏడో సలహా పైకి చదివింది. ‘‘కుళాయిలన్నీ కట్టేసి మీటరు చూడండి. ముల్లు తిరుగుతూనే ఉంటే లీకు ఉన్నట్టు. దాన్ని వెంటనే బాగుచేయించడం ఇంటి యజమాని బాధ్యత.’’ చదివి ఇంజనీరు వైపు చూసింది.

‘‘ఈ ఇంటికి యజమాని ఎవరు సార్?’’

వీధి గొల్లుమంది. ఫోటో ఎవరూ తియ్యలేదు.

మూడో రోజున తవ్వారు. మామగారు వేలు పెట్టి చూపించిన చోటికి ఒక్క అడుగు అవతల గొట్టం అతుకు విచ్చుకుని, నీళ్ళు తిన్నగా పక్కనున్న పాత మురుగు కాలవలోకి పోతున్నాయి. అందుకే ఇన్నాళ్ళూ పైకి తడి కనబడలేదు. అతుకు మార్చారు. వాడకం సగానికి పడిపోయింది, నోటీసు చింపేశారు, సీలు ఆగిపోయింది.

అక్కడితో ఊరుకుంటే అది ఆఫీసెలా అవుతుంది? పది రోజులకి వీధిలో షామియానా వేసి, మైకు పెట్టి సభ చేశారు. ‘నీటి పొదుపులో ఆదర్శ వీధి’ అట! చుక్కమ్మకి శాలువా కప్పి, చదవమని ఒక కాగితం చేతిలో పెట్టారు. మా సలహాలతో ఈ వీధి ప్రజలు చెడు అలవాట్లు మానుకున్నారు, వృథా చేసేవారు సైతం మారారు కాబట్టి వారిని క్షమించాం అని అందులో ఉంది. గొట్టం గురించి ఒక్క ముక్క లేదు. తప్పు తమది, క్షమాపణ లేదు సరికదా, క్షమించేది కూడా తామేనట!

చుక్కమ్మ ఆ కాగితం మడిచి కుర్చీ మీద పెట్టింది.

‘‘ఇక్కడ ఎవరూ మారలేదండీ. ఎవరూ మారక్కర్లేదు కూడా. మారింది మా గొట్టం. నీళ్ళు పారబోసింది మేము, చెడ్డపేరు మాత్రం చివరింటి అక్కకి అంటగట్టాం. గోడ మీంచి చూసి, అడక్కుండా, ఆ టిక్కు పెట్టినదాన్ని నేనే. అక్కా, నాది తప్పు.’’

ఇంజనీరు మైకు తీగ కోసం వెతుక్కున్నాడు. గుమ్మాల్లోని జనం నేల చూపులు చూశారు, కొందరు చప్పట్లు కొట్టారు. చప్పట్లు అయ్యేదాకా ఆగి ఇస్త్రీ అక్క లేచింది.

‘‘మాట బాగుందమ్మా. వీధి వింది. ఆ ఆసుపత్రులు రెండూ, లాడ్జీ ఈ వీధిలో లేవు కదా. నాకు నీళ్ళొచ్చాయి, ఉతకడానికి బట్టలేవి?’’

చుక్కమ్మ శాలువా తీసేసి వేదిక మెట్లు దిగింది. ‘‘పద అక్కా, ఇప్పుడే వెళ్ళి చెబుదాం.’’

‘‘నేనెందుకు రావాలి? ఆ పేరు పెట్టినప్పుడు నన్ను పిలిచావా?’’

చుక్కమ్మ పెద్ద ఆసుపత్రికి దారెటో అడిగింది. అక్క చెయ్యి ఎత్తి చూపించింది. అందరూ చూస్తుండగా చుక్కమ్మ ఒక్కతే బయల్దేరింది.