ముందు మాయ, తర్వాతే బిడ్డ

బిడ్డ పుడితే లోకమంతా ఆడో మగో చూస్తుంది. సుశీలాబాయి బిడ్డ వెనకే వచ్చే మాయను చూస్తుంది. అంకిస ఊరి పక్కన చిన్న సర్కారు దవాఖానలో ముప్ఫై ఏళ్లుగా నర్సు. ఆమెకు బిడ్డల పేర్లు గుర్తుండవు గానీ, ఎవరి మాయ ఎంత నిండుగా వచ్చిందో తిథులతో సహా చెబుతుంది.

కొత్తగా చేరిన నర్సు సింధూజకు మొదటి వారంలోనే తల కొట్టేసినట్టయింది. పేడా మిఠాయిల డబ్బాతో అజయ్‌కుమార్ అనే తండ్రి పరుగెత్తుకొచ్చాడు.

“సిస్టరమ్మా, ఏం పుట్టింది?”

“మస్తు మాయ! ఒక్క తునక తక్కువ లేదు.”

“గది కాదు. పిలగాడా, పిల్లనా?”

“గది సింధూజ చెప్తది. నువ్వు జర ఇటు రా.”

రమ్మని ఊరుకుంటుందా! స్టీలు పళ్లెం అతని ముక్కు కిందికి తెచ్చింది. “ఇన్ని నెలలు నీ బిడ్డకు వంటమనిషి, ఊపిరి, మురికి మోరీ అన్నీ గిదే. దండం పెట్టు.”

అజయ్‌కుమార్ దండం పెట్టబోయి గోడ పట్టుకుని కూలబడ్డాడు. పేడాలు నేలంతా దొర్లాయి. ఆడపిల్ల పుట్టిందన్న కబురు మొహాన నీళ్లు కొట్టాకే అందింది.

అత్తలనూ వదిలేది కాదు. మాయకు అంటుకున్న పొరల సంచిని కిటికీ వెలుగులో ఎత్తి పట్టి, చీరలో చిరుగులు వెదికినట్టు వెదికి చూపించేది. వాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూసేవాళ్లు.

“తునక లోపల ఉండిపోతే తల్లికి నెత్తురు ఆగదు, మనం చూడాలె సరే. ఊరందరికి చూపుడెందుకు సిస్టర్? నవ్వుతున్నరు,” అంది సింధూజ ఒకరోజు.

“నవ్వనీయ్.”

శ్రావణం ముసురులో ఒక పొద్దున సోమక్క తన కోడలు దీపశ్రీని తీసుకొచ్చింది. అప్పటికే నొప్పులు ముదిరాయి. సింధూజ చప్పుడు వినే యంత్రాన్ని పొట్టకు ఆనించి వెదికింది. మళ్లీ వెదికింది. గుండె చప్పుడు లేదు. సిరొంచ పెద్దాసుపత్రికి పంపే వ్యవధీ లేదు. మధ్యాహ్నానికి బిడ్డ పుట్టాడు. ఏడవలేదు.

ఆ రోజు సుశీలాబాయి ముందు బిడ్డనే చూసింది. తుడిచి, తెల్లగుడ్డలో చుట్టి, దీపశ్రీ చేతుల్లో పెట్టింది.

“వద్దంటే ఇన్నదా?” సోమక్క గోడకు తల కొట్టుకుంది. “రేగుంటకు బండి మీద పోయింది. గుంతలల్ల ఊగి ఊగి నా మనుమణ్ణి సంపుకున్నది!”

దీపశ్రీ కాదనలేదు. “నేనే సంపుకున్న,” అంది, బిడ్డ నుదురు చూస్తూ.

అప్పుడు సుశీలాబాయి పళ్లెం తెచ్చింది. ఇప్పుడా ఈ పిచ్చి అని సింధూజ కొయ్యబారిపోయింది.

“సోమక్కా, పెద్ద మనుమరాలు పుట్టినప్పుడు మాయ చూసినవు గదా. గిప్పుడు చూడు.”

బొడ్డుతాడు మధ్యలో ముడి ఉంది. బాగా బిగుసుకుంది. ఒక పక్క తాడు నల్లగా ఉబ్బింది, మరో పక్క పాలిపోయింది.

“మాయ తల్లి నెత్తుట్ల నుంచి తిండి, గాలి గుంజి గీ తాడు నుంచే బిడ్డకు పంపుతది. బిడ్డ చిన్నగున్నప్పుడు ఉమ్మనీళ్లల్ల ఈదుకుంట తాడు సందులకెల్లి దూరితే ముడి పడ్తది. శానా మందికి వదులుగనే ఉంటది, ఏం గాదు. గీ బిడ్డకు బిగుసుకున్నది.”

“బండి ఎక్కినందుకు కాదా?” అంది సోమక్క.

“బండి ఎక్కితే పడేది కాదు, మంచంల పంటే ఆగేది కాదు. మాయ ఎంత నిండుగున్నదో చూడు. నీ కోడలు ఏం తక్కువ జెయ్యలే.”

సోమక్క ముడిని వేలితో తాకింది. తర్వాత వెళ్లి కోడలి చెదిరిన జుట్టు వెనక్కి తోసింది. “బిడ్డా,” అంది.

“గంత జల్ది ఎట్ల నమ్మింది సిస్టర్?” అని సింధూజ బయట అడిగింది.

“మంచి దినం చూపనిది గిసొంటి దినం చూపిస్తే ఎవ్వలు నమ్ముతరు? తప్పు కప్పుకునేతందుకు నర్సు కతలు చెప్తున్నదంటరు. అందుకే అందరికి చూపిస్త.” సుశీలాబాయి కళ్లద్దాలు తీసి, తుడిచిందే తుడిచింది.

ఇంతలో వరండాలో చుట్టాల గుసగుస. “బండి మీద పోయిందట గదా,” అని జంగుబాయి మొదలుపెట్టింది.

“నోరు ముయ్యిండ్రి!” సోమక్క మధ్యలోకొచ్చి నిలబడింది. చీర కొంగు మెలేసి ముడి వేసింది. “గిది తాడు. బిడ్డ గిట్ల ఈదిండు, గిట్ల పడ్డది. నా కోడలు తప్పేం లేదు.”

“నీకెట్ల ఎరుక?” అంది జంగుబాయి.

“కండ్లార చూసిన. నువ్వు గూడ చూస్తవా? లోపల పళ్లెంల ఉన్నది.”

జంగుబాయి రెండడుగులు వెనక్కి వేసింది.

“అక్కెరలేదక్కా. నమ్మిన.”