చేడత్తి చావు వీడియో

అన్నక్కుట్టి చేడత్తి ఫోను చేపల కూరలో పడింది. చేడత్తి అంటే మావైపు పెద్దావిడల్ని అక్కా అన్నట్టు పిలిచే పిలుపు. వీడియోలో పైనుంచి కుండ మొత్తం కనబడాలని ఆవిడ దాన్ని అరటిగెల వేలాడదీసే కొక్కేనికి తాడుతో కట్టింది. ముడి ఊడింది. కూర దించి చాలాసేపయింది గనక ఫోను బతికింది. ఆవిడ దాన్ని తీసి, తువ్వాలుతో తుడిచి, పడుతూ పడుతూ అది తీసిన ముక్క కూడా చూసి, కరివేపాకు అడ్డమొచ్చిందని పెదవి విరిచింది. మధ్యాహ్నం ఆ కూరే నాకు వడ్డించింది. తిన్నాను. తేడా ఏమీ తెలియలేదు.

కేరళలో కాలవల మధ్య ఉండే మా కుట్టనాడు క్రైస్తవుల ఇళ్ళల్లో పెళ్ళికి వీడియో లేకపోయినా సర్దుకుంటారు గాని, చావుకి లేకపోతే సర్దుకోరు. శవపేటిక చుట్టూ అందరూ నిలబడి ఫొటో దిగాలి. దుబాయివాళ్ళు లైవులో చూడాలి. ఏడాది తిరిగాక భోజనాల దగ్గర మళ్ళీ అదే వేయాలి.

చేడత్తి భర్త వర్కిచ్చన్ ఏడాది ప్రార్థన నాడూ వేశారు. స్టూడియోవాళ్ళు వయొలిన్ పెట్టారు, కన్నీళ్ళు మెల్లగా జారేట్టు చేశారు. బాతులతో పోట్లాడుతూ పడవ నడిపి, పేకాటలో సిగ్గు లేకుండా మోసం చేసిన వర్కిచ్చన్ మాత్రం అందులో ఎక్కడా లేడు. పెట్టెలో ఎవరో పెద్దమనిషి పడుకుని ఉన్నాడు. చేడత్తి చివరిదాకా చూసి నా చెవి దగ్గరికి వంగింది.

"రేపు నన్నూ ఇలాగే చేస్తారే పిల్లా."

నాకు యాభై దాటాయి. పక్కింటిదాన్ని కాబట్టి ఆవిడకి పిల్లనే.

ఆ వారమే తన వీడియో తానే తీసుకోవడం మొదలుపెట్టింది. పొద్దుటి ఎండ కిటికీలోంచి చెంప మీద పడే చోటు వెతికి అక్కడ స్టూలు వేసుకుంది. మాట సరిగ్గా వినబడాలని ఫ్యాను ఆపింది, కోడిని పక్క దొడ్లోకి తోలింది. బాగా రాలేదని ఒకే చేపని మళ్ళీ మళ్ళీ కుండలో వేసింది. చెయ్యి వణక్కూడదు, మోచేతులు డొక్కలకి ఆనించుకుని తీయాలని నాకు నేర్పింది. వెనక్కి నడుస్తూ తీయమంటే నడిచి, బాతుల గాబులో కూర్చున్నాను. నా కేక వినబడే ఆ ముక్కని ఆవిడ కత్తిరించలేదు.

సంగతి మరిది ఔసేప్పుకి తెలిసింది. ఆ ఇంట్లో చావుల పెత్తనమంతా ఆయనదే. బతికున్న మనిషి తన చావు వీడియో తానే తీసుకోవడం అపశకునమన్నాడు. పెద్ద స్టూడియోవాడికి ముందే చెప్పి ఉంచానన్నాడు.

"నన్నడక్కుండానే చెప్పావా?" అంది చేడత్తి.

"చావు సంగతి ఎవరైనా చచ్చేవాళ్ళని అడుగుతారా వదినా?"

ఆవిడ ఆయనకి టీ ఇచ్చింది. ఆ టీ తాగడం కూడా ఫోనులో తీసిందని తర్వాత తెలిసింది.

చర్చి పండగ నాడు బంధువులంతా భోజనానికి వచ్చారు. చేడత్తి ఎవరినీ అడక్కుండా ఫోనుని టీవీకి కలిపేసింది. తెర మీద చేడత్తి, చెవులకి బరువు కమ్మలతో, బాతుల్ని వాటి తాతల పేర్లతో సహా తిట్టింది. చర్చి కమిటీ వేయని రోడ్డు గురించి పాట పాడింది, శ్రుతి లేకుండా. చివర సూటిగా మన కళ్ళలోకి చూస్తూ, "పోయాక నన్ను మంచిదాన్ననకండి. మీ అందరికీ తెలుసు" అంది.

నవ్వి నవ్వి జనానికి పొలమారింది. ఔసేప్పు ఒక్కడే నవ్వలేదు. దీన్ని శవం ముందు వేయడం కుదరదన్నాడు. పొద్దున్నే అందరి ఫోన్లకీ పంపేశానని ఆవిడ చెప్పింది. ఆయన జేబు తడుముకున్నాడు. ఆయనకీ వచ్చింది.

"ఇదేం వీడియో వదినా? చూసి ఒక్కడైనా ఏడ్చాడా?"

"ఏడవడానికి శవం ఉంటుంది కదా అబ్బాయ్, వీడియోలో మాత్రం నేనుంటాను."