పునుగుల మామ్మ సంతకం

తెనాలి నుంచి రేపల్లెలోని మా హైస్కూలుకు రోజూ పొద్దుటి రైల్లో వెళ్లేదాన్ని. ఆ రైలుకు వేమూరు అంటే మహా ఇష్టం. అక్కడ ఆగిందంటే ఒక పట్టాన కదిలేది కాదు. మేం ఇంజన్ను, గార్డును, లోకాన్ని వరసగా తిట్టుకుంటూ ఉంటే, ప్లాట్‌ఫారం మీద పునుగులమ్మే మామ్మ మాత్రం బుట్ట పట్టుకుని తీరిగ్గా పెట్టె పెట్టెకూ తిరిగేది.

"ఏంటి టీచరుగారూ, ఇవాళా ఆలస్యమేనా? కాసిని తినండి, కోపం తగ్గుద్ది," అనేది.

కోపం తగ్గేది కాదు గానీ పునుగులు అయిపోయేవి.

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. రైలు వేళకు నడపాలని అర్జీ రాసి, పెట్టెలన్నీ తిరిగి సంతకాలు పెట్టించాను. ఆ ఊపులో మామ్మ చేతికీ పెన్ను ఇచ్చాను. ఆమె బుట్ట దించి, చేతి నూనె కొంగుకు తుడుచుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది. కాగితానికి నూనె మరక అంటిందని నేను విసుక్కున్నాను కూడా.

అర్జీ మహిమో మరేమో గానీ, కొన్నాళ్లకు రైలు వేళకు నడవసాగింది. స్వరాజ్యం తెచ్చినంత గొప్పగా చెప్పుకున్నాను. వేమూరులో ఇలా ఆగి అలా కదిలేది. మామ్మ రెండు పెట్టెలు దాటేలోపే కూత. పిండి అదే, అల్లం పచ్చడి అదే, చెయ్యీ అదే. బుట్ట మాత్రం సగం అమ్ముడుపోకుండానే ఇంటికి వెళ్లేది. కష్టపడితే సంపాదన దానంతటదే పెరుగుతుందని పిల్లలకు చెప్పే నాకు, ఆమె సంపాదన రైలు ఆగే నిమిషాల్లో ఉందని అప్పుడు గానీ బుర్రకెక్కలేదు.

ఒకరోజు కిటికీలోంచి అడిగేశాను. "బేరం పోతుందని తెలీదా మామ్మా? ఎందుకు పెట్టావు సంతకం?"

"తెలీకేంటండి? రైలు ఆగినంతసేపే గదా మా బేరం." పొట్లం నా చేతిలో పెట్టింది. "మా మనవరాలు రేపల్లె హాస్టల్లో ఉండి మీ బళ్లోనే ఏడు చదువుతుందండి. మొదటి పీరియడు లెక్కలు మీరేనంట గదా. మీరొచ్చేసరికే పీరియడు అయిపోయి గంట కొట్టేస్తున్నారని ఆదివారాలు ఇంటికొచ్చి చెప్పేది. దానికి లెక్కలు రాకపోతే ఈ బుట్టే గతండి. ఇప్పుడు రోజూ పాఠం అవుతుందా అండి?"

"అవుతోంది మామ్మా," అన్నాను. రైలు కదిలింది.

అబద్ధం చెప్పాను. రైలు వేళకే చేరుస్తోంది. నేనే ఆ మిగిలిన కాసేపూ స్టాఫ్ రూములో టీ తాగుతూ, నా అర్జీ కథ చెప్పుకుంటూ, పీరియడు సగం గడిచాక క్లాసుకు వెళ్తున్నాను. చచ్చేంత సిగ్గేసింది.

ఆ రోజు స్టాఫ్ రూము వైపు చూడకుండా నేరుగా ఏడో తరగతిలోకి వెళ్లాను. పిల్లలెవరూ ఇంకా పుస్తకాలు తీయలేదు. నేను అంత తొందరగా వస్తానని వాళ్లు అనుకోలేదు.