ఇనుము లేని చక్రాలు

నిన్న సైకిళ్ల షాపులో కొత్త టైర్ల వాసన తగలగానే చిన్నప్పుడు మేమున్న అంబత్తూరులో మా పిన్ని సైకిలు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. రక్తంలో ఇనుము తక్కువని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి అమ్మ నన్ను వీధిలో ఆడుకోనిచ్చేది కాదు. నా ఒంట్లో అంతా బోలుగా ఉందనీ, పరిగెడితే విరిగిపోతాననీ అనుకుంటూ మెట్ల మీదే కూర్చునేదాన్ని.

ఫ్యాక్టరీలో ఉద్యోగం రాగానే పిన్ని కొత్త సైకిలు కొనుక్కొచ్చింది. తాతయ్య చక్రం రిమ్మును వేలితో తట్టి, "ఇనుమేనా ఇది?" అని అడిగాడు.

"ఇనుము కాదు నాయనా, అల్లాయ్ అంట. తేలిగ్గా ఉండాది, బాగా పరిగెత్తతాది," అంది పిన్ని.

ఇనుము లేనివాళ్లను అల్లాయ్ అంటారు కాబోలనుకున్నాను.

"పిన్నీ, నేను గూడా అల్లాయేనా?"

పిన్ని నవ్వలేదు. నన్నెత్తి సైకిలెక్కించి, "అవును పాపా. ఈడ గట్టిగా పట్టుకో. నేను ఎనకాలే ఉండా," అంది. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది గానీ వద్దనలేదు.

సీటు మీద కూర్చుంటే కాళ్లు అందక నిలబడే తొక్కాను. పిన్ని సీటు పట్టుకుని వెంట పరిగెత్తింది. వీధి చివరికి చేరేసరికి ఒళ్లంతా చెమట పట్టింది, ఎక్కడా ఏమీ విరగలేదు.

అల్లాయ్ అంటే మిశ్రమ లోహమనీ, ఆ రిమ్ములు అల్యూమినియం మిశ్రమమనీ, ఆ లెక్కన ఇనుముతో చేసే ఉక్కు కూడా అల్లాయేననీ పెద్దయ్యాక తెలిసింది. నా రక్తాన్ని బాగుచేసింది నెలల తరబడి మింగిన మాత్రలే. అయితే సైకిలు తొక్కిన మర్నాడే నేను వీధిలోకి పరిగెడుతుంటే, అమ్మ ఆపి, నా జడ బిగించి పంపించింది.