రెండు చట్రాల పాఠం

కోరుట్లలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో స్వర్ణలత ఆరేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతోంది. చెబుతోంది అనడం మర్యాదకు. పరీక్షలో వచ్చే బిట్లు బట్టీ పట్టించడమే అక్కడి చదువు. ఎమ్మెస్సీలో ఆమె చేసిన ప్రాజెక్టు ఇనుప అతివాహకాల మీద. బాగా చల్లబరిస్తే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారే పదార్థాలవి. ఆ ఫైలు సిరిసిల్లలో, వాళ్లింట్లో, కండెల డబ్బా కింద పడి ఉంది.

ఈ జూన్‌లో జగిత్యాల డిగ్రీ కాలేజీ ఒకటి లెక్చరర్ పోస్టుకు డెమో క్లాసు చెప్పమని పిలిచింది. నచ్చిన పాఠం చెప్పుకోవచ్చు. ఆమె ఫైలు దుమ్ము దులిపింది. ఇది పోతే మళ్లీ బిట్లే.

డెమోకు ముందటి ఆదివారం తండ్రి కొమురయ్య సాంచాల షెడ్డులో, అంటే మరమగ్గాల దగ్గర, పాఠం చెప్పి చూసుకుంది. వినేది ఆయనా, పక్క సాంచ నడిపే నేనూ. మగ్గాలు ఆపేశాం. ఆమె రెండు పోగులు తీసి మెలిపెట్టింది.

"చల్లబడ్డంక ఎలక్ట్రాన్లు గిట్ల జంట కడతయి బాపూ."

"గది జంటేంది బిడ్డా, ఒక్క దారమే అయిపాయె. ఒక్క కన్నుల రెండు పోగులు దూరితే నేను సాంచ ఆపి కోసి పారేస్త."

"గిది బట్ట కాదు."

"మరి నా దారమెందుకు పాడు చేస్తున్నవ్?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఫైలు తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగింది. జంటలోని రెండు ఎలక్ట్రాన్లు అతుక్కుని ఉండవని, నడుమ వేరేవి ఎన్నో ఉంటాయని తన చేత్తోనే రాసుకుంది. నేతింటి చెయ్యి కదా, జంట అనగానే పోగులు మెలిపెట్టింది. కోరుట్ల క్లాసులో బిట్ల మధ్య రెండు నిమిషాలు దొరికినప్పుడల్లా పిల్లలకూ అదే తప్పు చూపించింది.

కొమురయ్య లేచి సాంచను చేత్తో తిప్పాడు. ఒక చట్రానికి గుచ్చిన సగం పోగులు లేచాయి, రెండో చట్రానివి దిగాయి.

"చూడు. పక్కపక్కవి ఒక్కతీరు లేవయి. ఒక్క చట్రంల పోగులన్నీ మాత్రం ఒక్కసారే లేస్తయి. రెండో చట్రం కిందికి పోతది."

"మళ్లొకసారి తిప్పు బాపూ."

మూడుసార్లు తిప్పించుకుంది. డెమో రోజు పొద్దున పోయేటప్పుడు ఆయన పోగులు గుచ్చి కట్టిచ్చిన రెండు చిన్న చట్రాలూ, లేచిన, దిగిన పోగుల సందులోంచి అడ్డపోగును మోసుకెళ్లే నాడె ఒకటి సాంచలోంచి తీసి సంచిలో వేసుకుంది.

తర్వాతిది ఆమె చెప్పిందే. జగిత్యాల కాలేజీ కరస్పాండెంట్ శ్యాంసుందర్ రావు పిల్లలతో పాటు ముందు వరసలో కూర్చున్నాడు. ఒకప్పటి దొరల కుటుంబం. గడీ కూలిపోయినా ముందు వరస కుర్చీ మాత్రం పోలేదు. ఆమె బల్ల మీద పెట్టిన చట్రాలు చూశాడు.

"ఏందమ్మా, బట్టల దుకాణం పెడ్తవా?"

"సాంచ సార్. మా ఇంట్ల గిదే ఉంటది."

ఆమె పాఠం మొదలుపెట్టింది. అయస్కాంతం అతివాహకానికి శత్రువు. అందుకే ఇనుములో ఎవరూ పెద్దగా వెతకలేదు. 2008లో ఇనుప పదార్థంలోనే చెప్పుకోదగ్గ అతివాహకం దొరికాక ఆశ్చర్యపోయారు. అక్కడ ఎలక్ట్రాన్లను జతచేసేది ఆ అయస్కాంతపు అలజడేనని చాలామంది అంచనా. ఎలక్ట్రాన్లు ముఖ్యంగా రెండు గుంపులు. ఒక గుంపులో జంటల అలకు ప్లస్ గుర్తయితే, రెండో గుంపులో మైనస్. చెబుతూ ఒక చట్రం లేపింది, ఒకటి దించింది.

"అంచనా అంటే ఎట్లమ్మా?" అన్నాడు రావు. "పిల్లలకు ఒక్కటే జవాబు కావాలె. పరీక్షల రాసుకుంటరు."

తలూపితే పోస్టు వచ్చేలా ఉంది.

"ఒక్కటే జవాబు ఇంకా దొరకలే సార్. అన్ని ఇనుప పదార్థాలకు గిదే వర్తిస్తదని తేలలే. తేలినట్టు చెప్తే అబద్ధమైతది."

వెనక బెంచీ నుంచి రమ్య అనే అమ్మాయి లేచింది.

"మేడం, రెండూ ఒక్కసారే మీదికి లేస్తే?"

స్వర్ణలత రెండు చట్రాలూ లేపి, నాడె అందించింది. "వచ్చి దూర్చు."

రమ్య చూసింది. పోగుల మధ్య సందే లేదు.

"గట్లనే. రెండు గుంపులు ఒకదాన్నొకటి నెట్టుకుంటయి. గుర్తు ఒక్కటైతే ఆ నెట్టుడుకు జంటలు చెదురుతయి. ఎదురుగుర్తులైతే ఆ నెట్టుడే జంటలను నిలవెడ్తది."

మరో నాలుగు చేతులు లేచాయి. రావు వెనక్కి తిరిగి ఆ చేతులను చూశాడు.

"సోమవారం సంది రామ్మా. నా కాలేజీల ఏ క్లాసుల గిన్ని చేతులు లేవలే."

జగిత్యాల బస్టాండు నుంచి ఆమె ఫోన్ చేసినప్పుడు కొమురయ్య స్పీకర్ పెట్టాడు.

"జంట నిలిచిందా బిడ్డా?"

"నిలిచింది బాపూ. పోస్టు అచ్చింది."

ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"మంచిది. ఇగ నా నాడె పట్కరా. పొద్దటి సంది సాంచ ఆగింది."