ఒకటో రకం

కలప డిపోలో ఆయన్ని అందరూ సుద్దమేస్త్రీ అనేవారు. ముప్పై ఏళ్లుగా ఆయన పని చెక్కల్ని రకాలుగా విడదీయడం. ముడీ పగులూ లేని చెక్క మీద సుద్దతో ఒకటి వేసేవాడు. పొయ్యిలోకి తప్ప పనికిరానిదాని మీద ఆరు. ఆ అంకెకు యజమాని కూడా ఎదురు చెప్పేవాడు కాదు. చదరంగంలోనూ పెద్దరికం ఆయనదే. క్యాంటీన్లో అంతకన్నా బాగా ఆడేవాళ్లు లేరు మరి. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం.

డిపోల మధ్య చదరంగం పోటీకి ఆఫీసులో గుమాస్తాగా ఉన్న ఆయన మేనకోడలి పేరు ఇచ్చారు. సాధనకు ఆఫీసు కంప్యూటర్లో ఏదైనా సాఫ్ట్‌వేర్ పెట్టుకోమన్నాడు యజమాని. ఆ గదికి ఇంటర్నెట్ లేదు కనుక అది లేకుండా నడిచేదే కావాలి. ఆమె రెండు తెచ్చింది. మొదటిది తెరిస్తే తెర నిండా అంకెలూ గీతలూ. రెండోదానిలో బల్ల, పావులు, ఎత్తు వెనక్కి తీసుకునే బాణం గుర్తు, ఒకటి నుంచి ఆరు దాకా లెవెళ్లు. అంతే.

“ఇదే ఉంచు,” అన్నాడు మేస్త్రీ. “నేర్చుకునేవాళ్లకి పావులు కనబడాలి గానీ రైళ్ల టైమ్‌టేబులు ఎందుకు?”

ఎంపికలో తప్పు లేదు. తప్పు ఆ తర్వాతి మాటలో ఉంది.

“లెవెల్ ఆరులో పెట్టనా మామయ్యా?”

“ఆరో రకంతో మనకేం పనే? ఒకటి పెట్టు.”

మూడు నెలలు ఆమె ఒకటితోనే ఆడింది. “ఇదేంటి, ఇంత తేలిగ్గా ఓడిపోతోంది?” అని ఒకసారి అడిగింది కూడా.

“నీ చెయ్యి తిరిగింది,” అన్నాడు. తనూ రోజూ భోజనం వేళ దాన్ని ఓడించి, ఒకటో నంబరు మిషన్ని మట్టి కరిపించానని క్యాంటీన్లో చెప్పుకునేవాడు.

పోటీలో ఆమె అయిదు ఆటలూ ఓడింది. మొదటిది పదకొండు ఎత్తుల్లో.

మర్నాడు, సాఫ్ట్‌వేర్‌దే లోపమని రుజువు చేద్దామని మేస్త్రీ అందులోని సూచనలు తెరిచాడు. ‘ఒకటి: ఇప్పుడే పావులు కదపడం నేర్చినవారికి. ఆరు: పోటీలకు వెళ్లేవారికి.’ రెండుసార్లు చదివాడు. చెవులు వేడెక్కాయి.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో లారీ డ్రైవరు అందుకున్నాడు. “నేను టీ తెచ్చుకునేలోపే మీ అమ్మాయి ఓడి బయటికొచ్చేసింది మేస్త్రీ. బుర్రుండాలి గానీ పాపం మిషనేం చేస్తుంది?”

“అంతే మరి,” అన్నాడు మేస్త్రీ, గ్లాసులోకి చూస్తూ. తలెత్తేసరికి గుమ్మంలో మేనకోడలు నిలబడి ఉంది.

రెండు రోజులు ఆమె ఎదురుపడకుండా యార్డు వెనకనుంచి తిరిగాడు. మూడో రోజు ఆమే వచ్చింది.

“వచ్చే పోటీకి నా పేరు కొట్టెయ్యమంటున్నా మామయ్యా. ఇంక ఆడను. నాకంత బుర్ర లేదట కదా.”

తప్పు ఒప్పుకుంటే మనసు తేలికవుతుందంటారు. అలా అనేవాళ్లు ఎన్నడూ ఒప్పుకుని ఉండరు. ఒకటి అంటే చెక్కల్లో లాగే అనుకున్నాననీ, తను మూడు నెలలు ఆడించింది పిల్లల ఆటేననీ, మేస్త్రీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

ఆమె కోప్పడలేదు. “నీకెప్పుడు తెలిసింది?”

“పోటీ మర్నాడు పొద్దున.”

“అంటే క్యాంటీన్లో ‘అంతే మరి’ అన్నప్పటికే తెలుసు.”

“తెలుసు.”

“అయితే అక్కడే చెప్పు.”

భోజనాల వేళ చెప్పాడు, నిలబడి. డ్రైవరు పొలమారి మరీ నవ్వాడు. “అయితే మేస్త్రీ, ఇన్నాళ్లూ పాలు తాగే పిల్లాడితో కుస్తీపట్టి గెలిచావన్నమాట.” బల్లలన్నీ ఘొల్లుమన్నాయి. ఆ నవ్వు ఆయనకు తగిలింది గానీ, గుమ్మంలో ఒక్క మనిషి నవ్వకపోవడం మరీ లోతుగా దిగింది.

ఆమె అక్కణ్ణుంచి తిన్నగా యజమాని గదికి వెళ్లింది. తన పేరు ఉంచమంది. తిరిగొస్తూ మేస్త్రీ పక్కనుంచే నడిచింది. ఆయన్ని ఆ రోజు మామయ్యా అని పిలవలేదు.