పెద్దలకు కొత్త బట్టలు

అమ్మ పోయాక నాన్న మగ్గం మీద కూర్చోలేదు. పెడనలో ఆయన నేసిన చీరలే అమ్మ జీవితమంతా కట్టింది. ఆఫీసు పని మీద పెరూ వెళ్తూ, కాస్త మనసు మళ్లుతుందేమోనని ఆయన్నీ వెంట తీసుకెళ్లాను.

కుస్కో దగ్గర ఒక కొండ ఊళ్లో ముసలావిడ ఒకామె మగ్గం తాడు నడుముకు కట్టుకుని, నేలమీద కూర్చుని ఉన్నిబట్ట నేస్తోంది. నాన్న ఆమె పక్కనే చతికిలబడ్డారు. మా గైడు ఆమె మాటలు ఇంగ్లీషులో చెబితే నేను నాన్నకు తెలుగులో చెప్పాను. పూర్వం అక్కడ ఏలిన ఇంకా రాజుల కాలంలో బంగారం కన్నా మంచి బట్టకే ఎక్కువ విలువట. చనిపోయిన పెద్దల దేహాలను పాడవకుండా దాచి, పండగలకు బయటికి తెచ్చి, కొత్త బట్టలు కట్టి, మొక్కజొన్న కల్లు పోసేవారట.

నాకు ఒళ్లు జలదరించింది. నాన్న మాత్రం తలూపారు.

"మనమూ పెద్దలకు బట్టలు పెట్టుకుంటాం కదమ్మా. మనం ఫోటో ముందు పెడతాం, వాళ్లు మనిషికే కట్టారు, అంతేగా" అన్నారు. మళ్లీ, "ఆ బట్టలు ఎవరు నేసేవాళ్లో అడుగు" అన్నారు.

ముసలావిడ నవ్వి, "ఇంకెవరు, ఇంట్లోవాళ్లే" అంది.

నాన్న చాలాసేపు ఆమె చేతులనే చూస్తూ ఉండిపోయారు. తిరిగి వస్తూ బస్సులో, "మొన్న సంవత్సరీకానికి అమ్మకు పెట్టిన చీర కొట్టులో కొన్నాం కదమ్మా. ఈసారి కొనొద్దు, నేను నేస్తాను" అన్నారు.

ఆ చీర ఇప్పుడు మగ్గం మీద సగానికి వచ్చింది. అంచుకు అమ్మకు నచ్చే వంగపండు రంగే వేస్తున్నారు.